దూది పెట్టుకుని కొన్న వూఫర్

సబ్‌వూఫర్ కొనడానికి నేను చెవుల్లో దూది కుక్కుకుని వెళ్ళాను. దుకాణం బిలాస్‌పూర్‌లో తార్‌బహార్ పేట దాటాక పెద్ద రోడ్డు మీదే ఉంది. కింద ఫ్రిజ్‌లు, కూలర్లు. ఇనప మెట్లెక్కితే పైన చెక్కపలకలు పరిచిన చిన్న గది, అందులో గోడ వారగా బరువైన మోతకని చేసిన ఈ నల్ల పెట్టెలు. దుకాణదారు నా చెవుల్లోంచి బయటికి తొంగిచూస్తున్న తెల్ల దూది చూసి ఏదో అడిగాడు. చెవినొప్పా దీదీ అని అడిగి ఉంటాడు. నేను తల ఊపి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో గది మధ్య నిలబడి, దూది చాలదని వేళ్ళు కూడా చెవుల్లో పెట్టుకుని, ఇక మోగించండి అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు చెప్పనక్కర్లేదు.

మా అమ్మాయి నాతోనే వచ్చింది గానీ మెట్ల కిందే ఆగిపోయింది. కాలేజీ పిల్ల. తల్లి చెవుల్లో దూదితో బజారులో తిరుగుతుంటే పక్కన నడవడం దానికి నామోషీ. ఆ రోజుల్లో నా సిగ్గు ఎక్కడో జారిపోయింది, వెతుక్కునే ఓపిక కూడా లేదు. నాకు కావలసింది వినపడే వూఫర్ కాదు. చెవులు పోయిన మనిషికి ఒంట్లో తెలిసే వూఫర్. చెవులున్నదాన్ని, నేను దాన్ని ఎలా ఎంచాలి?

మా ఆయన లోకో పైలట్‌. బొగ్గు బళ్ళు లాగడమే ఆయన ఉద్యోగం. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం పక్కనించి రైల్వేలో కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. మా ఆయన పుట్టింది, చదివింది, ఇంజనెక్కింది అంతా బిలాస్‌పూర్‌లోనే. నేను విజయనగరం పక్క పిల్లని, పెళ్ళయి వచ్చాను. ఇక్కడ ఒక చిన్న బడిలో హిందీలో లెక్కలు చెబుతాను.

ముందు ఆయనకి కుడిచెవి పోయింది. ఫోను ఎడమచెవికి మార్చుకుని మాట్లాడుతుంటే, ఈ మధ్య స్టైలు నేర్చారు అని ఎగతాళి చేశాను. తర్వాత మెడికల్ పరీక్షలో తేలింది. ఇంజను మీంచి దింపి లోకో షెడ్‌లో ఒక కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీకి ఇంకా అలవాటు పడకుండానే రెండో చెవి కూడా దీపం ఆర్పినట్టు పోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు కదా, అదీ. డాక్టరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇంతే: సన్నటి శబ్దాలన్నీ పోయాయి, మనిషి మాట పోయింది, బాగా బరువైన శబ్దాలు కాస్త మిగిలాయి, అవి కూడా చెవికి వినపడటం కంటే ఒంటికి తగలడమే ఎక్కువ. చెవి మిషను పెట్టి చూశారు. రేకు మీద ఇసక పోసినట్టుంది అని మా ఆయన దాన్ని తీసి అల్మారాలో పడేశారు.

మా ఇంట్లో నేను మాటకి ముందు వాడే సామెత ఒకటుండేది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని. ఆయన పేపరు చదువుతూ నా మాటకి ఊఁ కొడుతుంటే అదే అనేదాన్ని. ఇప్పుడా సామెత నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. దాన్ని పుట్టించినవాళ్ళ మీద ఒళ్ళు మండుతుంది. వాళ్ళింట్లో ఎవరికీ చెవుడు రాలేదు కాబోలు.

అసలు దెబ్బ నేను అనుకోని చోట తగిలింది. మా ఆయన తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడతారు, చదవలేరు. ఇక్కడి రైల్వే తెలుగువాళ్ళు చాలామంది అంతే. బడి హిందీ, ఇల్లు తెలుగు. ఆయన తెలుగంతా చెవిలోంచి ఎక్కిందే తప్ప కంటిలోంచి ఎక్కింది కాదు. ఇప్పుడు ఆయనకి ఏదైనా చెప్పాలంటే రాయాలి, రాస్తే హిందీలో రాయాలి. పెళ్ళయిన నాటినించీ తెలుగులో పోట్లాడుకుని తెలుగులో సమాధానపడ్డవాళ్ళం మేము. ఇప్పుడు ఫోను మీద హిందీలో కొట్టి చూపిస్తున్నాను, అన్నం వడ్డించాను, మందు వేసుకోండి, మీ చెల్లెలు ఫోను చేసింది అని. నా హిందీ బడి హిందీ. అందులో నాకు కోపం రాదు, వెటకారం రాదు, గారం అసలే రాదు. ఆఫీసరుకి అర్జీ పెట్టుకున్నట్టుంటుంది. ఆయన చదివి తల ఊపేవారు, ఫోను తిరిగి ఇచ్చేసేవారు.

మెల్లగా తను మాట్లాడటం కూడా మానేశారు. తన గొంతు తనకి తెలియదు కదా, ఉప్పు అందుకోమన్నా కేక పెట్టినట్టే ఉండేది. ఒకసారి మా అమ్మాయి స్నేహితురాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళని టీ తాగుతారా అని అడిగారు. వాళ్ళు ఉలిక్కిపడ్డారు. పిల్ల తండ్రి వైపు చూసి, కాస్త తగ్గించమన్నట్టు చెయ్యి కిందికి ఊపింది. తప్పని అనను, ఎవరమైనా అదే చేస్తాం. ఆయన మాత్రం ఆ తర్వాత ఎవరినీ టీ తాగుతారా అని అడగలేదు.

సాయంత్రం షెడ్ నుంచి వచ్చి, టీ తాగి, పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయేవారు. మా క్వార్టర్ల వెనక ఒక గోడ, ఆ గోడకి ఎప్పుడో ఎవరో పడగొట్టిన సందు, సందు దాటితే లైన్లు. షెడ్‌కి అది దగ్గర దారి. ఆ దారిన పోకూడదని కాలనీలో అందరికీ తెలుసు, అందరూ ఆ దారినే పోతారు. ఆయన గాలి కోసం వెళుతున్నారని నేను అనుకున్నాను. ఒక రోజు ఆయనతో కలిసి పనిచేసిన డ్రైవరొకాయన, మా తెలుగాయనే, డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"వదినా, అన్నయ్య పట్టా పక్కనే నిలబడిపోయాడు. నేను హారన్ మీంచి చెయ్యి తియ్యనేదు. అయినా తను తిరిగి చూడనేదు. ఆఖర్న తనే పక్కకి జరిగాడు. తెలిసి నిలబడ్డాడో తెలీక నిలబడ్డాడో నాకు తెల్దు."

ఆ డ్రైవరు వెళ్ళాక నేను వంటింట్లోకి పోయి, ఏం చెయ్యాలో తోచక, అప్పుడే తోమిన గిన్నెలు మళ్ళీ తోమాను. తెలీక నిలబడితే ఒక భయం. తెలిసి నిలబడితే ఇంకో భయం. ఈ రెండింట్లో ఏది తక్కువదో ఇప్పటికీ చెప్పలేను. మర్నాడు పెరటి తలుపుకి తాళం వేశాను. ఆయన తాళం వైపు చూసి, నా వైపు చూసి, ముందు గుమ్మంలోంచి చుట్టు తిరిగి వెళ్ళారు. ఎందుకు వెళతారక్కడికి అని హిందీలో రాసి చూపిస్తే చదివి ఫోను బల్ల మీద పెట్టారు. నేను రోజూ వెనకే వెళ్ళి, చెయ్యి పట్టుకుని, బడి ఎగ్గొట్టిన పిల్లాణ్ణి లాక్కొచ్చినట్టు లాక్కొచ్చేదాన్ని. బడి నుంచి రావడం ఆలస్యమైన రోజున దారంతా పరుగే. సందు దగ్గర ఆయన చొక్కా కనపడేదాకా ఊపిరి తీసుకునేదాన్ని కాదు.

ఇక నాకు ఒకటే పని. ఆయన్ని ఆ పట్టాల దగ్గర్నించి తెచ్చి హాల్లో కూర్చోబెట్టాలి. సాయంత్రాలు ఆయన్ని పట్టి ఉంచేది ఏదో ఒకటి ఇంట్లో ఉండాలి. పేకముక్కలు తెచ్చాను. కుండీల్లో మొక్కలు తెచ్చాను, వాటికి నేనే నీళ్ళు పోస్తున్నాను. పక్క ఊరు మస్తూరీలో ఎవరో ఆకు పసరు ఇస్తారంటే అక్కడికీ తీసుకెళ్ళాను. మునిగిపోయేవాడు గడ్డిపరకని కూడా వదలడు అంటారు. నేను గడ్డివామంతా పట్టుకుని వేళ్ళాడాను.

వూఫర్ ఆలోచన వినాయక నిమజ్జనం నాడు పుట్టింది. మా కాలనీ రోడ్డు మీద డీజే బండి పోతుంది కదా, ట్రక్కు నిండా స్పీకర్లు పేర్చి. అది ఇంకా మలుపు తిరగనే లేదు. మా ఆయన హాల్లో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఉన్నట్టుండి మొహం మారింది. అరచెయ్యి ఊచకి గట్టిగా ఆనించి, "డీజే వస్తంది" అన్నారు, పైకే, కేకలాగే. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. ఎన్నాళ్ళకో విన్న గొంతు. ట్రక్కు ఇంటి ముందునించి పోయినంతసేపూ ఆయన ఊచలు వదల్లేదు, నేను ఆయన మొహం వదల్లేదు. బరువైన శబ్దం ఈ మనిషికి అందుతుంది. ఆ శబ్దమేదో నేనే ఇంట్లోకి తెస్తే, ఈ కుర్చీలో కూర్చోడా?

ఇంట్లో హోమ్ థియేటర్ ముందే ఉంది. మంచి రోజుల్లో ఆయనే మోజుపడి కొన్నారు. రెస్ట్ దొరికిన ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ముగ్గురం కూర్చుని తెలుగు సినిమా చూడటం మా ఇంటి ఆచారం. మా అమ్మాయికి వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ అక్కడ నేర్చుకున్నవే. అర్థం కానిచోట డాడీ, ఇస్‌కా మత్‌లబ్? అని అడిగేది, ఆయన సినిమా ఆపి మరీ విడమర్చి చెప్పేవారు. గోడలకి చిన్న స్పీకర్లు, టీవీ కింద ఆంప్లిఫయరు ఇప్పటికీ ఉన్నాయి. వూఫర్ మాత్రం లేదు. దాని గుండ్రటి కాగితపు పొరని ఎప్పుడో ఎలక కొరికేసింది.

మా అమ్మాయి ఫోనులో చదివి నాకు పాఠం చెప్పింది. పవర్డ్ సబ్‌వూఫర్ అంటే దాని ఆంప్లిఫయరు దాని కడుపులోనే ఉంటుంది, గోడ ప్లగ్గు వేరే కావాలి, పాతదాంట్లోంచి ఒక్క తీగ లాగితే చాలు. వాట్ల సంఖ్య పెద్దగా రాస్తే మురిసిపోకూడదు, నిలకడగా ఎంత ఇస్తుందో అడగాలి. శబ్దం ముందుకి కొట్టేవి కొన్ని, కిందికి నేల వైపు కొట్టేవి కొన్ని. పూర్తిగా మూసిన పెట్టెలు కొన్ని, గాలి పోవడానికి బొక్క ఉన్నవి కొన్ని. నేను శ్రద్ధగా విన్నాను. చెవుల మీద బతికేవాళ్ళు రాసిన సలహాలవి. మా ఆయన లాంటివాళ్ళకి ఏది మంచిదో అందులో ఎవరూ రాయలేదు. దూది సంగతి అప్పుడే తోచింది.

ముందు వెళ్ళిన దుకాణంలో రంగురంగుల బల్బులు వెలిగే పెట్టెలు చూపించి, పార్టీకి పనికొస్తుందన్నారు. పార్టీ మాట వినగానే నాకు ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను. ఈ రెండో దుకాణంలో, ఆ చెక్కపలకల గదిలో, దుకాణదారు ఓపికగా ఒక్కొక్కటీ మోగించాడు. మొదటిది చిన్నది, నా చేతికి కందిరీగ గూడులా జుమ్మంది, కాళ్ళకి ఏమీ తెలియలేదు. రెండోదానికి ముందు బొక్క ఉంది, అందులోంచి గాలి వచ్చి నా ముంగాళ్ళకి చల్లగా కొట్టింది. అది గాలి, శబ్దం కాదు. మూడోది నాలుగు వేపులా మూసిన పెట్టె. దుకాణదారు దాన్ని మెచ్చుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. నా పాదాలకి మాత్రం ఏదో మర్యాదగా తలుపు తట్టినట్టుందంతే.

నాలుగోది పెద్దది, పొట్టి కాళ్ళ మీద నిలబడి నేల వైపు మొహం పెట్టుకుని ఉంది. దాన్ని వెయ్యగానే పలకలు అదిరాయి. మడమల్లోంచి మోకాళ్ళదాకా పాకింది, పొట్టలో తిరిగింది. చెవుల్లో వేళ్ళు అలాగే ఉంచుకుని కళ్ళు మూసుకున్నాను. ఇదీ, ఇదీ కావలసింది. నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

దూది తీశాక దుకాణదారు మంచి మాటే చెప్పాడు. ఇది పాటలకి బాగుండదు దీదీ, అంతా కలిసిపోయి బుడబుడలాడుతుంది, ఆ మూసిన పెట్టె తీసుకోండి, అది శుభ్రంగా పలుకుతుంది అన్నాడు. పాటలు నాకెందుకన్నాను. ఇంకొకటి చెప్పాడు, సినిమాలో మాటలు దీంట్లోంచి రావు, దెబ్బలూ ఉరుములే వస్తాయి, మాటలు చిన్న స్పీకర్ల పని అని. అచ్ఛా అచ్ఛా అని తొందరపెట్టి ప్యాక్ చేయించాను. నిలబడ్డ నేల సంగతి ఆయనా చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఆటోలో పెట్టెని నా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. గుమ్మంలో మా ఆయన ఎదురొచ్చి, అట్టపెట్టె మీద బొమ్మ చూసి, ఒక అంచు తను పట్టుకున్నారు. ఇద్దరం కలిసి లోపలికి మోశాం. అంతే, నా ఆశకి రెక్కలొచ్చాయి. దేవుడి మందసం దించినట్టు దాన్ని టీవీ పక్కన దించి, పైన దుమ్ము లేకపోయినా తుడిచాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆయన లేచి చెప్పుల కోసం చూస్తుంటే చెయ్యి పట్టుకుని హాల్లోకి తెచ్చాను. కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేల మీద ఆనేలా సర్దాను. ఆయన అడ్డు చెప్పలేదు. మా అమ్మాయి తీగలు బిగించి, దెబ్బలాటలు దండిగా ఉన్న సినిమా ఒకటి ఎంచి పెట్టింది. నేను ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. తెర మీద ఎవరో ఎవరినో తంతున్నారు. నేను తెర చూడలేదు, ఆయన మొహమే చూస్తున్నాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆయన కళ్ళు తెర మీంచి దిగి, నేల మీదకి వచ్చాయి. పాదం వేళ్ళు ముడుచుకుని విచ్చుకున్నాయి. నా వైపు చూశారు.

"నేల అదురుతంది," అన్నారు.

మా అమ్మాయి ఎగిరి తండ్రి మెడ పట్టుకుంది. నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. ఆయన మా ఇద్దరినీ చూసి, నెమ్మదిగా, చాలా రోజుల తర్వాత, నవ్వారు. నాకు ఆ పెట్టెకి దణ్ణం పెట్టాలనిపించింది. నిజంగానే మోకాళ్ళ మీద దాని దగ్గరికి జరిగి, రెండు చేతులూ దాని మీద వేశాను.

పెట్టె కదలడం లేదు. బల్లలా, బండరాయిలా, చల్లగా ఉంది.

మా అమ్మాయి కూడా వంగి, వెనక వెలుగుతున్న ఎర్ర దీపం చూసింది. "మమ్మీ, లాల్ బత్తీ హై. ఇది ఆన్ అవనే లేదు," అంది, గొంతు తగ్గించి. తండ్రికి వినపడదని మర్చిపోయింది పాపం. శబ్దం అందితే దానంతటదే మేలుకునే ఏర్పాటు ఉందట దానికి, అది మేలుకోలేదు. అప్పుడు నాకు కిటికీ అద్దం సన్నగా గలగలలాడటం తెలిసింది. గోడ అవతల బొగ్గు బండి పోతోంది. ఎప్పటినించి పోతోందో, ఇంకా పోతూనే ఉంది.

రైల్వే కాలనీలో కాపురం చేసినవాళ్ళకి తప్ప ఇది అర్థం కాదు. బండి చప్పుడు మేము వినం. ఊరినించి చుట్టాలు వస్తే అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తారు, ఎందుకు లేచారని మేము అడుగుతాం. మాట మధ్యలో బండి వస్తే మాట ఆపి, పోయాక అదే ముక్క దగ్గర అందుకుంటాం, ఆపిన సంగతి కూడా మాకు తెలియదు. అలా చెవులున్న ఇద్దరం బండిని వినలేదు. చెవులు లేని ఆయన పాదాలకి అది తెలిసింది. మేము పెట్టెని కావలించుకుని ఏడ్చాం.

మా అమ్మాయి గబగబా వెనక మీట తిప్పింది. పచ్చ దీపం వెలిగింది. పెట్టె ఒక్కసారి గుభేలుమంది, షోకేసులో గ్లాసులు ఎగిరాయి, నా గుండె ఎగిరింది. ఆయన మొహం చూశాను. ఏమీ లేదు. నేను నేల మీద అరచేతులు ఆనించాను. ఏమీ లేదు. దుకాణంలో నేల చెక్కపలకలది, కింద అంతా బోలు, తప్పెటలా మోగింది. మా క్వార్టర్ నేల మట్టి మీద పోసిన సిమెంటు. లోడు బండికి కదులుతుంది గానీ పెట్టెకి కదులుతుందా? ఇంత చిన్న సంగతి తోచలేదు నాకు, పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని.

అయినా ఒప్పుకోలేదు. ఆయన చెయ్యి లాగి పెట్టె మీద పెట్టాను. పరాయివాళ్ళ పిల్ల తల నిమిరినట్టు కాసేపు ఉంచి తీసేశారు. పెట్టెని ఈడ్చి కుర్చీ పక్కకి తెచ్చాను, కుర్చీ వెనక్కి తెచ్చాను, మూలకి తోశాను. ఎక్కడ పెడితే ఎక్కువ తెలుస్తుందో చూడాలంటే గది అంతా పాకి చూడాలని మా అమ్మాయి ఎక్కడో చదివి చెప్పింది. పాకాను. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ కింద పడి లాగేస్తుంటే, అరచేతులు నేల మీద ఆనించుకుంటూ, గోడ వెంబడి, బల్ల కిందుగా, తలుపు దాకా, ఎక్కడైనా ఒక్క చోట, కాస్తయినా అదురుతుందేమోనని. మమ్మీ బస్ కరో అంటోంది అమ్మాయి. ఎలా ఆగుతాను? ఇది కాకపోతే ఇంకేముంది నా దగ్గర? రేపు సాయంత్రం ఆయన మళ్ళీ చెప్పులేసుకుంటారు.

తలుపు దగ్గర ఆయన వచ్చి నా ఎదురుగా నేల మీద కూలబడ్డారు. నా రెండు మణికట్లూ పట్టుకుని నేల మీంచి పైకి తీశారు.

"ఆపీ," అన్నారు. ఆ సినిమా దెబ్బల మీదుగా కూడా వీధిదాకా వినపడి ఉంటుంది. "ఇందాక అదిరింది నీ పెట్టి కాదు. లోడు బండి. నాకు తెలీదేటి? మీ మొగాలు చూసి ఊరుకున్నాను."

నేను పెట్టె వైపు చూశాను.

"బండి కోసం నాకు పెట్టెందుకు? గోడ అవతలికెళ్తే కాళ్ళల్లోకి వస్తంది. ఇంకేటీ రాదు నాకు. అదొక్కటే వస్తంది. అందుకే ఎళ్తన్నాను."

చెయ్యి విడిపించుకుని ఫోను తీశాను. మరి నేనేం తేవాలి, ఏం తెస్తే ఇంట్లో ఉంటారు అని హిందీలో కొట్టడం మొదలుపెట్టాను. తొందరలో అక్షరాలు తప్పులు పడుతున్నాయి. ఆయన ఫోను లాక్కుని, బోర్లా, దూరంగా పెట్టేశారు.

"రాయకు. నీ గొంతు ఎలగుంటాదో మర్చిపోతన్నాను. నువ్వు తిడితే ఎలగుండేదో, అదీ పోతంది. రోజూ కొంచెం పోతంది. నోరు తెరిచి నాతో మాట్లాడ్డం ఇద్దరూ మానీసారు. చేతిలో ఫోను పెడతన్నారు."

మాట్లాడటం మానేసింది ఈయనే అని నేను ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకుని ఏడ్చాను. వినపడదు కదా అని నేను ఈయన ముందు నోరు తెరిచి ఎన్నాళ్ళయిందో, ఎంత వెతికినా గుర్తు రాలేదు.

నా మొహం ఆయన మొహానికి ఎదురుగా పెట్టాను. "మీరు ఆ పట్టాల కాడికి ఎళ్ళకండి," అన్నాను. పుట్టింటి యాసే వచ్చింది నోట్లోకి.

ఆయన నా పెదాల వైపే చూస్తున్నారు, సిగ్నల్ కోసం చూసినట్టు. అందలేదు. తల అడ్డంగా ఊపారు.

"మళ్ళీ చెప్పు," అన్నారు.

మళ్ళీ చెప్పాను, నెమ్మదిగా, ఒక్కో ముక్కా విడదీసి. మా అమ్మాయి లేచి టీవీ ఆపేసింది. ఆయన నుదురు ముడిపడింది, పెదాలు నా పెదాలతో పాటు కదిలాయి, ఎక్కడో తప్పిపోయి ఆగిపోయాయి. మళ్ళీ తల అడ్డంగా ఊపారు. నేను మళ్ళీ చెప్పాను.